కుటుంబపు కారును క్రిందికి దించవచ్చునా?

మోటారుకారు చక్రమునకును, దానిపై కప్పుగా వంగియున్న మడ్‌గార్డునకును మధ్య కొంత ఖాళీ ఉండును. కొందరి కంటికి ఆ ఖాళీ లోపముగా తోచును. కారు నేలకు దగ్గరగా ఉన్నచో చూపునకు బాగుండుననియు, మలుపులలో నిలుకడగా పోవుననియు తలచి, వారు స్ప్రింగులు మార్పించి, పెద్ద రిమ్ములు వేయించి, వాహనమును ఒకటి రెండు అంగుళములు క్రిందికి దింపింతురు.

ఈ వేడుక క్రొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఇది ప్రబలినది. అచ్చటి ప్రభుత్వము 1950ల చివర ఒక నియమము చేసినది. దాని ప్రకారము కారులోని ఏ భాగమును చక్రపు రిమ్ము అడుగుకంటె క్రిందికి ఉండరాదు. ఇందులో మంచి యుక్తి కలదు. ఆకస్మికముగా టైరులోని గాలి పోయినచో కారు రిమ్ము మీద నిలువవలెను గాని, బ్రేకు గొట్టమో, ఇంజను చమురు తొట్టియో నేలను రాచుకొనరాదు.

నునుపైన రాజమార్గములలో సాగిన ఈ వేడుక మన రోడ్లమీద ఏమగును? విజయనగరము జిల్లాలోని చీపురుపల్లిని ఉదాహరణముగా తీసికొందము. అక్కడినుండి విజయనగరమునకు రోడ్డుమీద సుమారు 30 కిలోమీటర్లు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకు ఐదుగురు మనుషులు సామానుతో ఒక కారులో బయలుదేరిరనుకొందము. దారిలో ఊరూరా స్పీడు బ్రేకర్లు, వానలకు పడిన గుంతలు, మట్టి అంచులు ఎదురగును. కారును దించవచ్చునా, దించినచో ఎంత, ఎట్టి స్ప్రింగులు, ఎట్టి చక్రములు తగును అను ప్రశ్నలకు జవాబు ఈ ప్రయాణములోనే దొరకును. లెక్కకు హైస్కూలు భౌతికశాస్త్రము చాలును.

ఆ ఖాళీ దేనికి?

చక్రములు నేలను అంటిపెట్టుకొని పోవుచుండగా, వాటిపైనున్న కారు శరీరము కుదుపు లేక సాగుటకై రెండింటి మధ్య అమర్చిన ఏర్పాటునే సస్పెన్షన్ అందురు. ఇందులో స్ప్రింగు బరువును మోయును. షాక్ అబ్జార్బరు, స్ప్రింగు పదేపదే ఊగకుండ ఆపును. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు కారునకు చాలకాలము ముందువైపున మెలిపడు ఉక్కు కడ్డీలు, వెనుక కమాను పట్టీలు ఉండెడివి. నేటి చిన్న కుటుంబపు కార్లలో సాధారణముగా చుట్ట స్ప్రింగులే ఉండును. ముందు చక్రములకు 1940లలో అమెరికను ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన ఏర్పాటు వాడుకలో ఉన్నది. అందులో షాక్ అబ్జార్బరు, స్ప్రింగు ఒకే నిలువు స్తంభముగా కూడియుండును.

చక్రము గట్టు నెక్కినపుడు పైకి లేచును. అది లేవగల దూరమును చక్రపు పైచలనము అందము. ఆ దూరము పూర్తి అయినచో చక్రము రబ్బరు దిమ్మకు తగులును. అప్పుడు స్ప్రింగు పని అయిపోయినట్లే. మిగిలిన దెబ్బ నేరుగా కారు శరీరమునకు, అందలి మనుషుల వెన్నెముకకు చేరును. కనుక మడ్‌గార్డు క్రింది ఖాళీ వృథాస్థలము కాదు. అది చక్రము పనిచేయు చోటు.

ఇప్పుడు ఒక లెక్క చూతము. కారులో ఎవరును లేనపుడు వెనుక ఒక్కొక్క చక్రముపై స్ప్రింగు 220 కిలోల బరువు మోయుచున్నదనుకొందము. చక్రమువద్ద కొలిచినపుడు 2 కిలోల బరువునకు స్ప్రింగు 1 మిల్లీమీటరు అణగుననుకొందము. రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన సూత్రము ప్రకారము అణగుదల బరువునకు అనుపాతములో ఉండును. కావున ఖాళీ కారులో స్ప్రింగు 110 మిల్లీమీటర్లు అణగియుండును. అక్కడినుండి రబ్బరు దిమ్మవరకు మరి 100 మిల్లీమీటర్ల పైచలనము కలదనుకొందము.

సిరిమాను యాత్రికులు ఎక్కిరి. వెనుక సీటు, డిక్కీ నిండెను. వెనుక ఇరుసుపై 240 కిలోల బరువు పెరిగినచో ఒక్కొక్క చక్రముపై 120 కిలోలు. స్ప్రింగు మరి 60 మిల్లీమీటర్లు అణగును. మిగిలిన పైచలనము 40 మిల్లీమీటర్లు మాత్రమే. స్ప్రింగు కాఠిన్యము మార్చక ఆ కారునే 40 మిల్లీమీటర్లు దించియుంటిమేని మిగులునది సున్న. కారు బయలుదేరక ముందే వెనుక చక్రములు రబ్బరు దిమ్మలపై కూర్చుండును. ఖాళీ కారులో ఒక్కడే నడిపి చూచినవానికి ఈ లోపము తెలియదు. కుటుంబమంతయు ఎక్కిననాడే తెలియును.

గట్టి స్ప్రింగు వేసినచో?

స్ప్రింగును గట్టిచేసినచో బరువునకు అది తక్కువ అణగును గదా అని అడుగవచ్చును. నిజమే. అయితే ఎంత గట్టి కావలెను? గట్టు తగిలినపుడు చక్రము పైకి తన్నిన శక్తిని స్ప్రింగు తన అణగుదలలో ఇముడ్చుకొనవలెను. బరువు మోయుచు నిలుకడగానున్న స్థితినుండి స్ప్రింగు మరికొంత అణగినపుడు అది అదనముగా నిలువచేయు శక్తి, కాఠిన్యములో సగమును అణగిన దూరపు వర్గముతో గుణించగా వచ్చును. దూరము వర్గమై వచ్చుటయే ఇక్కడి కీలకము. దూరము సగమైనచో, అదే శక్తి ఇముడుటకు స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిది కావలెను.

పై కారులో నిండు బరువుతో మిగిలిన 40 మిల్లీమీటర్లలో ఎంత శక్తి ఇముడునో, దించిన పిమ్మటను అంతే ఇముడవలెనని లెక్కకట్టుదము. కారును 20 మిల్లీమీటర్లు దించినచో స్ప్రింగు కాఠిన్యము 2 నుండి సుమారు 2.65 కావలెను. అనగా మూడవవంతు పెంపు. 40 మిల్లీమీటర్లు దించినచో సుమారు 3.85 కావలెను. అనగా దాదాపు రెట్టింపు. దింపు రెట్టింపైనచో కాఠిన్యపు పెంపు రెట్టింపుతో ఆగలేదు. దాదాపు మూడు రెట్లయినది.

గట్టి స్ప్రింగునకు మూల్యము కలదు. స్ప్రింగుపై కూర్చున్న కారు సెకనుకు ఎన్నిమారులు ఊగునో కనుగొనుటకు సులభమైన సూత్రమున్నది. బరువు క్రింద స్ప్రింగు అణగిన దూరమును సెంటీమీటర్లలో తీసికొని, దాని వర్గమూలముతో 5ను భాగించవలెను. అంత పొడవుగల లోలకము కూడ అదే వేగముతో ఊగును. ఖాళీ కారు మొదటి స్ప్రింగుతో 11 సెంటీమీటర్లు అణగినది గనుక సెకనుకు 1.5 మారులు ఊగును. కాఠిన్యము 2.65 అయినచో 1.7 మారులు, 3.85 అయినచో 2.1 మారులు ఊగును. ఇది పందెపు కారునకు సరిపడవచ్చును గాని, ఒడిలో పసిబిడ్డనుంచుకొని కూర్చున్న తల్లికి సరిపడదు.

స్ప్రింగు మారినచో షాక్ అబ్జార్బరు కూడ మారవలెను. కావలసిన నిరోధము కాఠిన్యపు వర్గమూలముననుసరించి పెరుగును. మూడవవంతు గట్టి స్ప్రింగునకు సుమారు 15 శాతము, దాదాపు రెట్టింపు గట్టిదానికి సుమారు 40 శాతము హెచ్చు నిరోధము అవసరము. పాత షాక్ అబ్జార్బరునే ఉంచినచో కారు ఊగుచుండును. చక్రము నేలను వదలి లేచుచు పడుచుండును. నేలను వదలిన చక్రము బ్రేకు వేసినను ఆపలేదు, త్రిప్పినను తిరుగలేదు. అందుచేత స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను ఒకదానికొకటి సరిపడునట్లు తయారైన జతగా కొనుట మేలు. మరతో ఎత్తు మార్చుకొనగల కాయిలోవర్లు అను రకము కూడ కలదు. వాటిలో ఎత్తు తగ్గించినపుడు పైచలనము కూడ తగ్గునేమో ముందుగా విచారించవలెను.

కోసిన స్ప్రింగులు

ఖర్చు తగ్గించుటకై ఉన్న స్ప్రింగులనే ఒక చుట్టు కోయించుట కలదు. చుట్ట స్ప్రింగు కాఠిన్యము దాని చుట్ల సంఖ్యకు విలోమానుపాతములో ఉండును. పనిచేయు చుట్లు ఆరింటిలో ఒకటి కోసినచో కాఠిన్యము అయిదింట ఒకవంతు పెరుగును. అంతమాత్రమైతే చిక్కు లేదు. కోసిన కొన, స్ప్రింగు కూర్చుండు గిన్నెలో సరిగా అమరదు. చక్రము గుంతలోనికి జారి పూర్తిగా వ్రేలాడినపుడు పొట్టియైన స్ప్రింగు వదులై, తన చోటునుండి తొలగవచ్చును.

గ్యాసు మంటతో కోసినచో, లేక వేడిచేసి కుంగదీసినచో, మరియొక హాని కలదు. స్ప్రింగు ఉక్కు సామాన్యమైన ఇనుము కాదు. కర్బనము, సిలికాను, మాంగనీసు మున్నగునవి తగుపాళ్ళలో కలిపి, ఎఱ్ఱగా కాల్చి చల్లార్చి, మరల మితమైన వేడిలో పదును పెట్టిన ఉక్కు అది. మంట తగిలినచోట ఆ పదును పోవును. ఆ చోటనే స్ప్రింగు కుంగును, లేదా విరుగును. ఈ మాంగనీసునకును చీపురుపల్లి ప్రాంతమునకును పాత సంబంధమున్నది. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము 1890లలో మొదట ఆరంభమైనది కోడూరు, గర్భాము మొదలగు ఈ పరిసర గ్రామములలోనే. 1955లో ఏర్పడిన ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషను పొరుగున ఉన్న గరివిడిలోని కర్మాగారమున, ఉక్కులో కలుపు ఫెర్రో-మాంగనీసును తయారుచేసెను. ఉక్కునకు బలమిచ్చు పదార్థము పుట్టినచోటనే ఉక్కు పదునును మంటపాలు చేయుట తగదు.

స్పీడు బ్రేకరు లెక్క

ఇక నేలకును కారు అడుగునకును గల ఎడమును చూతము. మన రోడ్లపై విరివిగా కనబడు మారుతి డిజైరు కారునకు ఈ ఎడము 163 మిల్లీమీటర్లు. ముందు వెనుక ఇరుసుల మధ్య దూరము 2.45 మీటర్లు. మన ఉదాహరణపు కారునకు ఈ కొలతలే తీసికొందము. యాత్రికులు ఎక్కినపుడు వెనుకభాగము 60 మిల్లీమీటర్లు దిగెను గనుక, ముందుభాగము దిగలేదనుకొన్నను నడిమి భాగము 30 మిల్లీమీటర్లు దిగును. మిగిలిన ఎడము 133 మిల్లీమీటర్లు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన స్పీడు బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తములోని ఒక ఖండము. దాని వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. కారు దానిపై ఉన్నపుడు నాలుగు చక్రములును గట్టు మీదనే ఉండును. రెండు ఇరుసులను కలుపు సరళరేఖ ఆ వృత్తమునకు జ్యా అగును. జ్యాకు పైన చాపము ఎంత ఉబికియుండునో అంత ఎడము కావలెను. ఇరుసుల దూరపు వర్గమును, వ్యాసార్ధమునకు ఎనిమిది రెట్లతో భాగించిన చాలును. వచ్చునది 44 మిల్లీమీటర్లు. గట్టు ఎత్తు 100 మిల్లీమీటర్లయినను కారునకు కావలసినది 44 మాత్రమే.

అదే 100 మిల్లీమీటర్ల ఎత్తుతో, అడుగున్నర వెడల్పుతో గట్టు పోసినచో సంగతి మారును. ముందు చక్రములు దిగి, వెనుక చక్రములు ఇంకను ఎక్కనపుడు గట్టు కారు కడుపు క్రింద ఉండును. అప్పుడు పూర్తి 100 మిల్లీమీటర్లును కావలెను. దించని కారు 133 మిల్లీమీటర్లతో దాటును. పాత స్ప్రింగు కాఠిన్యముతోనే లెక్కించినచో, 20 మిల్లీమీటర్లు దించిన కారునకు 113 మిగులును. అది నెమ్మదిగా, జాగ్రత్తగా దాటవచ్చును. 40 మిల్లీమీటర్లు దించిన కారునకు 93 మాత్రమే మిగులును. అది రాచుకొనును. ఇంజను చమురు తొట్టి పగిలి చమురు కారిపోయినచో ఇంజను బిగిసిపోవును. కావున ఎంత దించవలెనను ప్రశ్నకు జవాబు దుకాణములో లేదు. రోజూ తిరుగు దారిలోని అతి చెడ్డ గట్టు వద్ద ఉన్నది.

చక్రముల ఎంపిక

టైరు ప్రక్కన 185/65 ఆర్15 వంటి గుర్తు ఉండును. మొదటి సంఖ్య టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎన్నవ శాతమో తెలుపును. చివరిది రిమ్ము వ్యాసము, అంగుళములలో. లెక్కకట్టగా ఈ టైరు గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు, మొత్తము వ్యాసము 621 మిల్లీమీటర్లు. 165/80 ఆర్14 టైరు వ్యాసము 620. 195/55 ఆర్16 టైరు వ్యాసము 621. రిమ్ములు వేరైనను ఈ మూడింటి మొత్తపు వ్యాసము ఇంచుమించు ఒక్కటే. రిమ్ము పెద్దదైనపుడు టైరు గోడ పొట్టిది కావలెననుటకు ఇదే కారణము. దీనినిబట్టి పెద్ద రిమ్ము వేసినంతమాత్రమున కారు ఎత్తు మారదని కూడ తెలియుచున్నది.

195/50 ఆర్16 టైరు వేసినచో వ్యాసము 601 మిల్లీమీటర్లకు తగ్గును. కారు 10 మిల్లీమీటర్లు దిగును. స్పీడోమీటరు 60 చూపినపుడు అసలు వేగము 58 మాత్రమే ఉండును. స్ప్రింగులకు ఇందులో హాని లేదు. కాని టైరు గోడ 120 నుండి 97 మిల్లీమీటర్లకు తగ్గినది. సస్పెన్షన్‌లో మొట్టమొదటి స్ప్రింగు టైరులోని గాలియే. గోడ పొట్టిదైనకొలది గుంత అంచు తగిలినపుడు టైరు నలిగి రిమ్ము సొట్టపడును. మన దారికి గోడ ఎత్తుగల టైరే మేలు.

రిమ్ము బరువును కూడ గమనించవలెను. చక్రము, బ్రేకు మున్నగునవి స్ప్రింగునకు దిగువనుండు బరువు. ఇది ఎక్కువైనచో జడత్వముచేత చక్రము గుంతల వెంట త్వరగా లేచి దిగలేదు. చూపునకు పెద్దదై, తూకమునకు బరువైన రిమ్ముకంటె చిన్నదై తేలికైనదే ఉత్తమము. టైరు మోయగల బరువు కూడ దాని ప్రక్కన సంఖ్యగా ఉండును. 85 అను సంఖ్యకు 515 కిలోలు, 88 అను సంఖ్యకు 560 కిలోలు. కంపెనీవారు నిర్ణయించిన సంఖ్యకు తక్కువైన టైరు వేయరాదు.

రిమ్ము మధ్యరేఖకును, అది ఇరుసుకు బిగియు ముఖమునకును గల దూరమును ఆఫ్‌సెట్టు అందురు. ఇది మారినచో చక్రము బయటికి పొడుచుకొని వచ్చును, లేదా లోపలికి పోయి షాక్ అబ్జార్బరును రాయును. బయటికి వచ్చిన చక్రము బేరింగుపై హెచ్చు భారము మోపును. గట్టుమీద లేచినపుడు మడ్‌గార్డు అంచును కోసికొనును. అసలు ఆఫ్‌సెట్టునకు దగ్గరగానున్న రిమ్మునే ఎన్నుకొనవలెను. బిగించిన పిమ్మట కారునిండ మనుషులను కూర్చుండబెట్టి, స్టీరింగు రెండు ప్రక్కల చివరివరకు త్రిప్పి చూడవలెను.

దించుటవలన లాభమెంత?

మలుపులో కారు బరువు లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు కొంత మారును. గరిమనాభి ఎంత ఎత్తున ఉన్నచో అంత ఎక్కువ మారును. 1,100 కిలోల కారు, గరిమనాభి ఎత్తు 53 సెంటీమీటర్లు, ఎడమ కుడి చక్రముల దూరము ఒకటిన్నర మీటర్లు అనుకొందము. భూమ్యాకర్షణలో సగము త్వరణముతో మలుపు తిరిగినపుడు 194 కిలోల బరువు ప్రక్కకు మారును. ఇది చాల దుడుకైన మలుపు. కారును 3 సెంటీమీటర్లు దించినచో 183 కిలోలు మారును. లాభము 11 కిలోలు. ఒక చిన్న బస్తా బియ్యమంత కూడ కాదు.

మెక్‌ఫర్సన్ ఏర్పాటులో ఇంకొక విపరీతము కలదు. కారు శరీరము ఒక ఊహాబిందువు చుట్టు ప్రక్కకు ఒరుగును. కారును దించినపుడు చక్రమును పట్టియుండు క్రింది భుజము వాలు మారి, ఆ బిందువు గరిమనాభికంటె ఎక్కువగా దిగవచ్చును. అప్పుడు రెండింటి మధ్య దూరము పెరిగి, దించిన కారే మరింత ఒరుగుటకు చూచును. దానిని ఆపుటకు మరల గట్టి స్ప్రింగులు కావలెను. మితముగా దించుటలో ఉన్న స్వల్పలాభము అతిగా దించుటలో పోవును.

చట్టము మాట కూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, కంపెనీవారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణచట్టము అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరుమాసములవరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చునన్నది. పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయమున విచారించుట వివేకము.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు సమతలముపై ఆగియున్న కారుతో ఈ పాఠము చెప్పవచ్చును. గేరు వేసి, చేతిబ్రేకు లాగి, చక్రములకు రాళ్ళు ఆనించవలెను. ఎవరును కారు క్రిందికి దూరరాదు. వెనుక చక్రపు నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచువరకు నిలువుగా కొలువవలెను. బరువు తెలిసిన ముగ్గురు విద్యార్థులను వెనుక సీటులో కూర్చుండబెట్టి మరల కొలువవలెను. ముగ్గురి బరువును రెండుతో భాగించి, దానిని తగ్గిన మిల్లీమీటర్లతో భాగించినచో స్ప్రింగు కాఠిన్యము ఉజ్జాయింపుగా తెలియును. వారి బరువులో కొంత ముందు చక్రములపై కూడ పడుటచేత ఈ విలువ అసలుకంటె కొంత ఎక్కువగా వచ్చును. కారణము విద్యార్థులనే అడుగవచ్చును.

కారును దింపదలచినవారు అనుసరింపవలసిన క్రమము ఇప్పుడు స్పష్టము. మొదట దారిని, అందలి గట్లను కొలువవలెను. తరువాత కారు మోయవలసిన నిండు బరువును లెక్కింపవలెను. ఈ రెండింటినిబట్టి దింపు ఎంతో నిర్ణయించి, దానికి తగిన స్ప్రింగు, స్ప్రింగునకు తగిన షాక్ అబ్జార్బరు ఎన్నుకొనవలెను. చక్రములు ఆ పిమ్మట. చివరకు చక్రముల వాలును, దీపముల చూపును సరిచేయించవలెను. రిమ్ముల అందముతో మొదలుపెట్టి వెనుకకు వచ్చువాడు ఈ క్రమమును తలక్రిందులు చేసినవాడగును. చీపురుపల్లివంటి ఊళ్ళలో కుటుంబపు కారునకు 20 మిల్లీమీటర్లకు మించిన దింపు తగదని ఈ లెక్క సూచించును. అసలు దించకయే, అరిగిన షాక్ అబ్జార్బర్లు మార్చి, మంచి టైర్లు వేసి, గాలి సరిగా నింపినచో మలుపులలో కోరుకొన్న నిలుకడ చాలవరకు లభించును. కారులో కూర్చున్న ఐదుగురి సుఖమునకు కావలసిన చోటు మడ్‌గార్డు క్రింద అట్లే మిగిలియుండును.